బొటనవేలికి పసుపుదారం

1957లో నేను ఆళ్లగడ్డ ఆసుపత్రిలో డ్రెస్సరుని. గాయం కడిగి, మందు వేసి, కట్టు కట్టే మనిషిని డ్రెస్సరు అంటారు. కట్టడం కంటే నాకు తీయడమే ఎక్కువగా ఉండేది. ముల్లు తీయడం, కుట్లు తీయడం, చీము తీయడం, పిల్లల ముక్కులో ఇరుక్కున్న శనగబద్ద తీయడం. బిగుసుకుపోయిన ఉంగరాలు తీయడంలోనైతే నంద్యాల దాకా నా పేరు మోగింది. సరే, నంద్యాల దాకా కాదు. ఆసుపత్రి వీధి చివరిదాకా.

ఒక మధ్యాహ్నం దొర్నిపాడు నుంచి సుబ్బమ్మ అనే పెద్దామె తన కోడలు లింగమ్మను బండిలో తీసుకొచ్చింది. చేలో తుమ్మముల్లు గుచ్చుకుని లింగమ్మ ఎడమకాలి రెండో వేలు వంకాయలా వాచింది. వేలికున్న వెండి మెట్టె కండలోకి దిగిపోయింది. మామూలుగా మెట్టె రెండు కొసలూ విడిగా ఉంటాయి, పట్టకారుతో వెడల్పు చేయవచ్చు. పని చేస్తుంటే జారిపోతోందని ఈమె కంసాలి చేత ఆ కొసలు అతికించుకుంది.

డాక్టరు గారు వేలు నొక్కి చూశారు. "సాయంత్రానికల్లా మెట్టె రాకపోతే వేలు నల్లబడుతుంది. అప్పుడు వేలే తీసేయాలి" అని నాకు అప్పగించి, కాన్పు కేసుకు వెళ్లారు.

నేను ఆకురాయి అందుకుని, "మెట్టె కోసేద్దాంలే అమ్మా" అన్నాను.

లింగమ్మ కాలు వెనక్కి లాక్కుంది. "మా ఆయన పత్తిబండి తోలుకోని నంద్యాలకు పోయినాడు. ఆయప్ప దోవలో ఉండంగా నా మెట్టె కోస్తావా? వేలు పోతే పోనీ."

"వేలు పోతే మెట్టె యాడ పెడతావు?"

"పక్క వేలికి పెడతా." నవ్వకుండానే అని బల్ల దిగబోయింది.

భర్త ఉండగా మెట్టె కోయడానికి మా వైపు ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. అది తెలిసీ ఆకురాయి చూపించాను చూడండి.

"కోయను, దారంతో జారుస్తా" అని బతిమాలాను. పట్టుదారం కొసను మెట్టె కిందుగా దూర్చి, అక్కడి నుంచి వేలి చివరి దాకా బిగించి చుడతాం. వాపు అణుగుతుంది. మెట్టె వెనక మిగిలిన కొస పట్టుకుని చుట్లు విప్పుతూ వస్తే మెట్టె ముందుకు జరుగుతుంది.

"జారిచ్చినా కాలు బోసే గదా" అంది లింగమ్మ.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న సుబ్బమ్మ కదిలింది. "ఏందే నీ మొండితనం? తాళితాడు మార్చేటప్పుడు ఏం చేస్తాం? కొత్తది కట్టినాంకనే పాతది తీస్తాం. ఈడా అంతే." నా వైపు తిరిగి, "పసుపుందా నాయనా?" అంది.

"టించరుంది."

"అది నువ్వే పూసుకో."

కాన్పుగదిలో ఒక బాలింత తల్లిని అడిగి పసుపు తెచ్చింది. నా దగ్గరున్న నూలుదారాన్ని అందులో తడిపి, వాచిన వేలికి తగలకుండా కోడలి బొటనవేలికి వదులుగా ముడివేసింది. లింగమ్మ దాన్ని కాసేపు చూసుకుని, మళ్లీ బల్ల ఎక్కింది.

"ఇప్పుడు లాగప్పా. నేను అరుస్తానేమో చూడు."

మొదటిసారి దారం తెగింది. రెండోసారి తోలు లేచి, మెట్టె కణుపు దగ్గర ఆగిపోయింది. లింగమ్మ పెదవి కొరుక్కుందే గాని నోరు తెరవలేదు.

"మొగం అట్ల పెట్టినావేందప్పా, ముల్లు నీకు గాని గుచ్చుకుందా?" అంది సుబ్బమ్మ.

సబ్బు రాసి మళ్లీ మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళకు మెట్టె నా అరచేతిలో పడింది. డాక్టరు గారు వచ్చి వేలికి గాటు పెట్టి ముల్లు తీశారు. వేలు నిలిచింది.

రెప్పపాటులో తీశానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. పసుపుదారం ఉపాయం కూడా నాదేనన్నాను. మొదటిది నేను కోసిన కోతలు, రెండోది సుబ్బమ్మ సొత్తు. ఒంటి మీది నుంచి ఏదైనా తీసే ముందు, ఆ మనిషికి బదులుగా ఏం కావాలో అడగాలని నాకు నేర్పింది ఆమే.

ఆ తర్వాత నా ట్రేలో ఎప్పుడూ ఒక పసుపుదారం చుట్ట ఉండేది. డాక్టరు గారు దాన్ని చూసి మెచ్చుకున్నారని రాయాలనుంది. నిజానికి కట్టుగుడ్డలకు మరక అంటుతోందని కసిరి, తీసేయమన్నారు.

నేను తీయలేదు.