మూడు నలభై అని రాసింది నేనే

ఆరేళ్ల నుంచి ఒక టైము నా ఛాతీ మీద కూర్చుని ఉంది. మూడు నలభై. ఆ టైముకు నిజానికి ఏమీ జరగలేదు. జరిగిందని నేను రాశాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలనేమో.

మాది వరంగల్. బడిలో పీఈటీని. శివార్లలో తొమ్మిది హోల్స్ ఉన్న చిన్న గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. ఏటా అక్కడ జరిగే పోటీకి నన్ను రెఫరీగా పిలిచేవారు. నేను చూడాల్సింది స్కోరు కాదు, టైము. గోల్ఫ్‌లో ఒక గ్రూప్ వెనక ఇంకో గ్రూప్ ఆడుతూ పోతుంది. ముందువాళ్లు నిదానిస్తే వెనకున్నవాళ్లందరూ ఎండలో నిలబడాల్సిందే. అలాంటి గ్రూప్ వెంట వాచీ పట్టుకుని తిరగాలి. ఒక్కో షాట్‌కు నలభై సెకన్లు దాటితే హెచ్చరించాలి, అయినా మారకపోతే స్కోరులో శిక్ష వేయాలి. చిన్న అధికారం. అయినా ఆ రెండు రోజులు డబ్బున్నవాళ్లు, ఆఫీసర్లు నా వాచీ చూసి తడబడుతుంటే నాకు బాగుండేది. అదీ ఒప్పుకోవాలి గదా.

ఖాజా సార్ నన్ను చూసి ఎప్పుడూ తడబడలేదు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. మనిషి నెమ్మది, మాట నెమ్మది, ఆట ఇంకా నెమ్మది. బంతి ముందు కూర్చుంటారు, లేస్తారు, అవతలి వైపు నుంచి చూస్తారు, మళ్లీ కూర్చుంటారు. ఆయన బ్యాగు మోసేది యాదగిరి. యాభై దాటినవాడు. హసన్‌పర్తి దగ్గర రెండెకరాల పొలం, పోటీల రోజుల్లో ఈ పని. సారు ఎంతసేపు కూర్చుంటే అంతసేపూ కదలకుండా నిలబడేవాడు.

అది ఎండాకాలం చివర. పోటీలో ఆఖరి రోజు. అంతకుముందు ఏడాది చీకటి పడి ఆట మధ్యలో ఆగిపోతే, క్లబ్బువాళ్లు అందరి ముందు నన్నే నిలబెట్టి అడిగారు. ఈసారి సాయంత్రం బహుమతులివ్వడానికి పెద్దాయన ఎవరో వస్తున్నాడని పొద్దున్నే చెప్పి పంపారు. మధ్యాహ్నానికి ఖాజా సార్ గ్రూప్ ఒక హోల్ మొత్తం వెనకబడింది. వాళ్ల వెనక మూడు గ్రూపులు ఆగిపోయాయి. నేను బ్యాటరీ బండి తీసుకుని ఆయన వెంట పడ్డాను.

మూడున్నరకు గాలి ఆగిపోయింది. పిట్టలు కూడా అరవడం లేదు. ఉత్తరం దిక్కున మొగులు నల్లగా, కిందికి దిగినట్టు వచ్చింది. అందులో ఒక మెరుపు. నేను చూశాను. చూడలేదని నాకు నేను కూడా చెప్పుకోలేను. మెరుపు కనిపిస్తే వెంటనే ఆట ఆపాలి. నేను వాకీటాకీలో ఒక్క మాట అంటే చాలు, క్లబ్బు దగ్గర వాచ్‌మన్ హారన్ కొడతాడు.

ఖాజా సార్ బంతి ముందు కూర్చుని ఉన్నారు. ఆయనతో ఆడుతున్న హైదరాబాద్ ఆయన తన బంతి వేసేసి షెడ్డు వైపు నడిచిపోయాడు. యాదగిరి మెల్లగా నా బండి దగ్గరికి వచ్చాడు.

"సార్, మొగులు మంచిగ లేదు. మెరుస్తాంది. ఆపుండ్రి సార్."

"మీ సారు జల్ది కొడితే పోవుడే యాదన్నా."

"సారు కొడ్తడు గని, జర హారన్ కొట్టియ్యుండ్రి. గీ ఇనుప కర్రలన్ని నా భుజం మీదున్నయి. భయమైతాంది."

"వానొస్తే చూద్దాం. నువ్వు ఫికర్ చెయ్యకు."

సరే సార్ అన్నాడు. వెనక్కి పోయి తన చోట నిలబడ్డాడు.

ఎందుకు కొట్టించలేదు? పోటీ పూర్తి కాదని భయమా? అది సగమే. మిగతా సగం ఖాజా సార్ మీద కోపం. అప్పటికి ఆయన్ని ఒకసారి హెచ్చరించాను, ఇంకోసారి నలభై సెకన్లు దాటితే శిక్ష వేయొచ్చు, ఆ క్షణం కోసం ఆ తర్వాత ఆయన కొట్టిన ప్రతి షాట్‌కూ వాచీ వైపే చూస్తూ ఉన్నాను. ఆకాశం నెత్తి మీదికి వస్తుంటే నేను లెక్కపెడుతున్నది ఒక ముసలాయన సెకన్లు.

మూడు యాభై రెండుకు ఉరుము నేలను అదిరించింది. అప్పుడు అన్నాను వాకీటాకీలో. హారన్ మోగింది. ఖాజా సార్ వెంటనే బంతి తీసుకుని లేచారు. ఆ ఒక్కసారి ఆయన ఆలస్యం చేయలేదు. యాదగిరి బ్యాగు భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు. మూడు నిమిషాలు కూడా కాలేదు. అంతా తెల్లగా అయింది. కళ్లు కనిపించేసరికి ఇద్దరూ నేల మీద ఉన్నారు. ఖాజా సార్ కదులుతున్నారు.

దవాఖానకు తీసుకుపోయాం. యాదగిరి దారిలోనే పోయాడు.

సాయంత్రం క్లబ్బువాళ్లు నేను టైములు రాసే షీటు అడిగారు. హారన్ కొట్టిన టైము దగ్గర గడి ఖాళీగా ఉంది. మూడు నలభై అని రాశాను. వాచ్‌మన్ నన్నడిగి అదే తన రిజిస్టర్‌లో ఎక్కించుకున్నాడు. మిగతావాళ్లు హారన్ విని పరుగెత్తారు గానీ వాచీ ఎవరు చూస్తారు? పిడుగు పడడానికి పదిహేను నిమిషాల ముందే ఆట ఆపినట్టు తేలింది. మరి వీళ్లెందుకు అక్కడే ఉన్నారు? ఎవరూ నన్ను అడగలేదు. ఖాజా సార్ కదా, బంతి వేశాకే కదిలి ఉంటాడు అని వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు.

రెండు రోజులకు ఆయన్ని చూడడానికి వెళ్లాను. ఎడమ చెవి వినిపించడం లేదు. కుడి వైపు కూర్చోమన్నారు.

"తమ్మీ, హారన్ మూడు నలభైకి కొట్టిన్రంట గద. నాకైతే అయిదు నిమిషాలు గూడ కాలేదనిపించింది. గని నా సంగతి నాకెర్కనే. నేను లేటు మనిషిని."

నేను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆయన మళ్లీ గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. మైదానం కూడా మూతపడింది. నేను రెఫరీ పని మానేశాను. బడిలో పరుగు పందేలకు కూడా స్టాప్‌వాచ్ వేరేవాళ్లకే ఇస్తాను. మొగులైతే చాలు, ఆటల పీరియడ్ రద్దు చేస్తాను. పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

పోయిన నెల హన్మకొండ బస్‌స్టాండ్‌లో ఖాజా సార్ కనిపించారు. యాదగిరి ఇంటి నుంచి వస్తున్నారట. ఏటా పోతారట. పోయినప్పుడల్లా యాదగిరి భార్య ముందు కూర్చుని, నా ఆలస్యంతోనే నీ ఇల్లు ఆగమైంది బిడ్డా అని చెప్పుకుంటారట. ఈసారి ఆమె ఆయన చేతులు పట్టుకుని, అన్నా, ఇగ ఆ మాట అనకు, నేను మాఫ్ చేసిన అన్నదట. ఇది చెబుతూ ఆయన బస్‌స్టాండ్‌లో, అంతమంది మధ్య, ఏడ్చారు.

నేను చేసిన దానికి ఆయన క్షమాపణ అడిగారు. అది ఆయనకే దొరికింది. నాకు అడిగే దారి కూడా మిగలలేదు.

ఇది ఇప్పుడు శుభ్రంగా ఇంకో కాగితం మీద ఎత్తి రాస్తాను. ఖాజా సార్ చేతికి ఇస్తాను. తర్వాత ఆయన వెంటే యాదగిరి ఇంటికి పోతాను, ఆయన రానిస్తే. రానివ్వకపోతే ఒక్కణ్నే పోతాను. ఆమె నన్ను వాకిట్లోకి రానిస్తుందని అనుకోవడం లేదు. రానియ్యాలని కూడా లేదు. పోలీసుల దగ్గరికి నడవమంటే నడుస్తాను.

హారన్ మూడు యాభై రెండుకు కొట్టించాను. యాదగిరి అంతకుముందే అడిగాడు. నేను వినలేదు. ఖాజా సార్ ఆలస్యం చేయలేదు.

మీరు చదివారు. ఆ మాట ఇప్పుడు నా ఒక్కడిలోనే లేదు.