దొరగారి కథలో గంప మోసిన ఆమె

పోయిన వారం ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేసింది. "మీ అంకుల్ వెళ్లిపోయారు బాబూ. పొద్దున కాఫీ తాగి, అలా కుర్చీలోనే" అంది. తనే మళ్లీ, "కథ పూర్తి చేసేశారుగా. అదొక్కటే నయం" అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇలా రాస్తే తిట్టేవాళ్లుంటారు. తిట్టుకోండి. ఆ హమ్మయ్య ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నా ఇంటి ఓనరు. ఈ దీవి దేశంలో, బుకిట్ బటోక్ అనే పేటలో వాళ్ల ఫ్లాట్‌లో ఒక గది నాకిచ్చారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడి, నాలాంటివాళ్లని విమానాల్లో దింపుకుంటున్న రోజులవి. నేను ఇంజనీరింగ్ చదవలేదు. ఒంగోలులో జెరాక్సు పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. గది కోసం ఎక్కడికెళ్లినా మనవాళ్లు ముందు "ఏ కాలేజీ?" అనేవాళ్లు. పడుకోవడానికి కాలేజీ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఈయన మాత్రం "అన్నం వండుకోడం వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. "అయితే సామాను తెచ్చుకో లా" అన్నారు. మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ల అలవాటు.

ఆయన మలేషియాలో ఒక రబ్బరు తోటలో పుట్టారు. తాతల నాడు విశాఖ వైపు నుంచి కూలికి వెళ్లిన కుటుంబం. తోట బడిలో ఇంగ్లీషు చెప్పి, తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. కాఫీ సాసర్లో పోసుకుని చప్పుడయ్యేలా తాగేవారు. నేను ఆఫీసు మీద కోపంతో తలుపు గట్టిగా వేస్తే, అవతలి గదిలోంచి "తలుపు నాదే అబ్బాయ్, మేనేజరుది కాదు" అని వినపడేది. ఒకసారి అన్నారు: "ఎవరూ నేర్పలేదని ఎందుకు రగిలిపోతావ్? నీ తప్పులన్నీ నీ సొంతం. అదీ ఒక ఆస్తే."

ఆయన తాత తోటలో కూలీలకి హరికథలు చెప్పేవాడట. ఆ చిరతలు ఈయనకొచ్చాయి. ఆదివారం సాయంత్రం మా బ్లాకు కింద ఖాళీ జాగాలో చాప పరిచి, దీపం పెట్టి కథ చెప్పేవారు. వినేది నలుగురైదుగురు. అందులో ఆంటీ తమ్ముడొకాయన, దీవి ఆ చివర బెడోక్ నుంచి ఈ చివరికి ట్రైనెక్కి వచ్చేవాడు. వచ్చేది వెక్కిరించడానికి. ఎందుకంటే అంకుల్ చెప్పేది రాముడి కథ కాదు, ఒక తెల్లకవి కథ.

పేరు చెప్పేవారు కాదు, దొరగారు అనేవారు. ఐర్లండు గడ్డ మీద పుట్టిన ఇంగ్లీషు వంశం మనిషి. రెండొందల ఏళ్ల కిందటి ఫ్రెంచివాళ్ల యుద్ధాల కాలం. చిన్నతనంలోనే కొండలూ వాగులూ ఊళ్లూ అన్నీ ఆయన పేరు మీదకొచ్చాయి. రాతి మేడలో కూర్చుని పొగమంచు మీదా పిట్టల మీదా పద్యాలు రాశాడు. కౌలు వసూలు చేయడానికి ఏజెంటున్నాడు. ఇదంతా అంకుల్ చిరతలు వాయిస్తూ, గజ్జె కట్టి పాడుతుంటే బెడోక్ ఆయన, "ఏం బావా, మీ దొర ఇంకా చావలేదా?" అనేవాడు.

"చావనివ్వను లా. ముందు నువ్వు గోవింద కొట్టు."

"తెల్లోడికి గోవిందేంటి?"

"తెల్లోడికి కాదు బామ్మర్దీ, నాకు కొట్టు. గొంతు నాది."

ఒక ఆదివారం కథ అసలు చోటికొచ్చింది. దొరగారు గుర్రం మీద పోతుంటే, బురదనేలలో తవ్విన పొయ్యిలో కట్టెల బదులు కాల్చే మట్టిగడ్డలు గంపలో మోసుకుంటూ ఒక ఆడమనిషి వానలో ఎదురొచ్చింది. ఆయన కదిలిపోయాడు. ఇంటికెళ్లి ఆమె మీద పద్యం రాశాడు. లండన్లో చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ చలికాలమే కౌలు కట్టలేదని ఏజెంటు ఆమె గుడిసె కప్పు పీకించాడు.

మా నాన్న కౌలు రైతు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. "దొరగారు ఆపాడా అంకుల్?"

హరికథ మధ్యలో ఎవరూ అలా అడగరు. చిరతలు ఆగాయి.

"ఆపలేదు."

"తెలియకా?"

"తెలిసే ఉంటుంది. ఆపినట్టు ఆయన జీవితం రాసిన పుస్తకంలో లేదు."

"మరి మంగళం ఎవరికి పాడతారు?"

హరికథ చివర మంగళం పాడాలి. కథానాయకుడికి జయం చెప్పి హారతివ్వాలి. అంకుల్ కొబ్బరికాయ కొట్టి మొదలెట్టారు గానీ చివరి హారతి ఎవరికో ఆలోచించుకోలేదు. ఆ సాయంత్రం కథ అక్కడే ఆగిపోయింది. తర్వాతి ఆదివారం చాప పరవలేదు. ఆ తర్వాతా లేదు.

"సగంలో వదిలిన కథ చెప్పినవాణ్ని వదలదు" అని తాత మాటట. ఆంటీ దాన్ని గట్టిగా నమ్మింది. అంకుల్ ఊపిరితిత్తులు చెడ్డాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమెకి అదే భయం. "నువ్వడిగాకే ఆగింది బాబూ" అనేది. అడగడం తప్పని నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఆయన రెండు మెట్లెక్కి గోడ పట్టుకుంటుంటే, పాటకి ఊపిరి మిగులుతుందా అని నాకూ గుబులుగానే ఉండేది.

వంటింట్లో రోజూ వాదించుకునేవాళ్లం. నేను ఆ దొర దొంగ అనేవాణ్ని. ఆయన ఉల్లిపాయ తరుగుతూ, "చెడ్డవాడు కాదబ్బాయ్. మంచివాడూ కాదు. మంచి చూపున్నవాడు, అంతే" అనేవారు.

"చూపుంటే చాలా?"

"చాలదు. ఎందుకీ మనిషిని పట్టుకున్నానో చెప్పనా? మా అమ్మ రబ్బరు చెట్లు గీసేది. తోట దొర వరండాలో కూర్చుని పుస్తకం చదివేవాడు. అందులో ఏముందో తెలుసుకోవాలనే ఇంగ్లీషు నేర్చుకున్నా. నేర్చుకుని అలాంటివి బోలెడు చదివా. కొండలున్నాయి, పూలున్నాయి. మా అమ్మ లేదు. ఈయన పద్యంలోనే ఉంది. గంపతో."

"పేరు లేకుండా."

ఆయన కత్తి పక్కన పెట్టారు. "అవున్లే. పేరు లేకుండా" అన్నారు.

కొన్నాళ్లకి ఒక ఆదివారం పొద్దున్నే, "బంగాళాదుంపలు తీసుకురా" అన్నారు. "ఎందుకు?" "ప్రసాదానికి. దొరగారి కౌలువాళ్లు తినేది అవేగా. ఉడకేసి ఉప్పు చల్లితే చాలు." సాయంత్రం ఆయన్ని చక్రాల కుర్చీలో కిందికి దించాను. గజ్జె కట్టలేరు గనక చిరతలు నా చేతికిచ్చారు. నేను తాళం తప్పినప్పుడల్లా కనుబొమలెగరేశారు.

గొంతు సగమే పలికింది. దొరగారు చలి దేశం వదిలి ఇటలీ పోయి, అక్కడే జబ్బుచేసి పోయాడు. బెడోక్ ఆయన, "హమ్మయ్య, చచ్చాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అంకుల్ హారతి పళ్లెం ఒళ్లో పెట్టుకుని మంగళం ఎత్తుకున్నారు. దొరగారికి కాదు. వానలో గంప మోసిన ఆమెకి. పేరుండాల్సిన చోట తన సొంత అమ్మ పేరు పాడారు. ఆంటీ చప్పున తలెత్తింది. రెండో చరణానికి నా వైపు వేలు చూపించి ఊపిరి కోసం ఆగారు. మా నాయనమ్మ పేరు చెప్పాను. అదీ పాడారు. మూడో చరణానికి ఊపిరి అందలేదు. అప్పుడు బెడోక్ ఆయన, ఎవరూ అడక్కుండానే, వాళ్లమ్మ పేరు పెట్టి తనే ఎత్తుకున్నాడు. రాగం కుదరలేదు. అయినా పూర్తయింది.

పైకొచ్చాక అంకుల్ అన్నారు, "దొర పోతూ పోతూ మన చేతికొక పని పెట్టాడు. కోపం ఉంచుకో అబ్బాయ్, పనికొచ్చింది." నా కోపం పనికొచ్చిందని చెప్పిన మనిషి ఆయనొక్కరే. ఆ తర్వాత ఆంటీ గుర్రుపెట్టి నిద్రపోతోందని నవ్వుతూ ఫిర్యాదు చేసేవారు. నెల తిరక్కుండానే వెళ్లిపోయారు. తేలిగ్గా వెళ్లారు.

మొన్న ఆదివారం సాయంత్రం ఆంటీ గిన్నెడు దుంపలు ఉడికించి కిందికి తెచ్చింది. చాప నేనే పరిచాను. బెడోక్ ఆయన, "మైలలో ప్రసాదమేంటక్కా?" అన్నాడు.

"ప్రసాదం కాదురా. దుంపలే. తిను."

ఆయన ఒకటి తీసుకున్నాడు. పొగలు కక్కుతోంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ, ఖాళీ చాప వైపు చూస్తూ నిలబడ్డాడు. చేతులు కాలుతున్నాయి. కింద మాత్రం పెట్టలేదు.