కుంకుడు రసంలో కలిసిన ఆముదం

నా చిన్నప్పుడు, అంటే తొంభైల నాటి మాట, బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యలో వరసగా నాలుగిళ్లున్న వఠారంలో మేముండేవాళ్లం. పక్కింటి అక్క కాలేజీలో కెమిస్ట్రీ చదివేది. వాళ్ల నాన్నకు ఫ్యాక్టరీలో ఆసిడ్ తొట్టి దగ్గర పని. తుప్పు పట్టిన ఉక్కు కడ్డీలను అందులో ముంచితే తుప్పు వదిలిపోతుంది. కానీ ఆసిడ్‌కు తుప్పేది, ఉక్కేది అన్న తేడా ఉంటుందా? ఉక్కునూ కొరికేస్తుంది. అప్పుడు లేచే బుడగలు పగిలి ఘాటు పైకి కొడుతుంది. పగలంతా దాన్ని పీల్చి, ఆయన ఇంటికొచ్చి దగ్గుతూ కూర్చునేవాడు.

ఉక్కుకు నూనె పట్టుకుంటే ఆసిడ్ అంతగా కొరకలేదని, బుడగలు తగ్గుతాయని అక్క ఎక్కడో చదివింది. ఇక ఆగుతుందా? ఒక ఆదివారం పొద్దున వాకిట్లో గాజు గ్లాసులో కాస్త ఆసిడ్ పోసి, మేకు వేసి, ఆముదం చుక్కలు వేసింది. నన్ను రెండు బారల దూరంలో నిలబెట్టింది. ఆముదం దర్జాగా పైన తేలింది. కింద మేకు బుసబుసా బుడగలు కక్కుతూనే ఉంది. ఎంత కలిపినా నూనె మళ్లీ పైకే వచ్చింది. మూడు గ్లాసులయ్యాయి. అక్క మొహం చిన్నబోయింది. లోపల వాళ్ల నాన్న దగ్గుతున్నాడు.

నాకప్పుడే తలంటు అయింది. తొమ్మిదేళ్ల దాన్ని, నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"అక్కా, తలకి పెట్టిన ఆముదం ఉత్త నీళ్లకి పోదు. కుంకుడు రసం పోస్తే నీళ్లలో కలిసిపోతాదే. దీంట్లో పోస్తే?"

మా అమ్మయితే పెద్దవాళ్ల పనిలో నీకేంటని ఒక్కటిచ్చేది. అక్క నవ్వలేదు, కసరలేదు. "పోయి తేపో పాపా, బిరాన" అంది.

పరుగో పరుగు. గిన్నె అడుగున మిగిలిన రసం తెచ్చిచ్చాను. అక్క అందులో ఆముదం వేసి చిలికితే పలచని మజ్జిగలా అయింది. దాన్ని కొత్త గ్లాసు ఆసిడ్‌లో కలిపి మేకు వేసింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. నాలుగు బుడగలు లేచాయి. ఆ తర్వాత ఒకటీ అరా, అంతే. పక్క గ్లాసులో మాత్రం అదే బుసబుస. నేను ఎగిరి గంతేశాను. అక్క నాకంటే ఎత్తు ఎగిరింది!

మా అరుపులకు వాళ్ల నాన్న బయటికొచ్చాడు. పాత గ్లాసు మీది గాలిని చేత్తో తన వైపు విసురుకున్నాడో లేదో, దగ్గు తన్నుకొచ్చింది. కాసేపాగి కొత్త గ్లాసు దగ్గరా అలాగే చేశాడు. దగ్గు రాలేదు. నమ్మలేక మళ్లీ చేశాడు.

"ఘాటు తక్కువుండాది కదమ్మా. ఏం చేసినావు?"

అక్క నా భుజం పట్టి ముందుకు తోసింది. "నేను కాదు నాయనా, ఈ పాప చెప్పింది."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఫ్యాక్టరీ యజమానిని ఒప్పించడానికి అక్కకు చాలా రోజులు పట్టింది. తొట్టిలో ఆముదం చిలికిన ఆ రసం కలపడం మొదలయ్యాక ఆయన దగ్గు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

అక్క ఆ ఆలోచన తనదే అని ఉంటే ఎవరు కాదనేవారు? జుట్టు నెరుస్తున్న ఈ వయసులో నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లు ఎంత పిచ్చి ప్రశ్న అడిగినా, ముందు చేసి చూద్దామంటాను. పని జరిగితే, అడిగిందెవరో నలుగురిలో పేరు పెట్టి చెబుతాను. అలా చెప్పేటప్పుడల్లా, అక్కలాగే, వాళ్ల భుజం పట్టి ముందుకు తోస్తాను.