ఒకే వరుసలో ఐదు సీట్లు

ఆ రోజుల్లో నాకు చేతగాని పని లేదని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నేనే నమ్మేదాన్ని. ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు, కాదు. ఊళ్ళోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చి, వాటితో ఏం చేయాలో ఎవరికీ సరిగ్గా తెలియక, పెళ్ళి ఫోటోలు చూసుకుంటున్న కాలం. నాకు చిక్కబళ్ళాపురలో ఒక ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దున మండికల్‌లో బస్సెక్కి పోయి, సాయంత్రం మళ్ళీ బస్సులో వచ్చేదాన్ని. ఆఫీసులో నేను చేసేది ఒక చోటి పేర్లను ఇంకో చోటికి ఎక్కించడమే అయినా ఊళ్ళో మాత్రం నా పేరు 'కంప్యూటర్ పాప'. కరెంటు బిల్లు కట్టాలన్నా, పహణీ తీయాలన్నా (పొలం కాగితాన్ని మా వైపు అలాగే అంటారు), ఫోను పలకకపోయినా నా దగ్గరికే వచ్చేవారు. "దానికేముంది, చేసేద్దాం" అనడం నాకు బాగా అలవాటైపోయింది. ఆ అలవాటే నన్ను ముంచింది.

మా అవ్వకు, అంటే నాయనను కన్నతల్లికి, ఫుట్‌బాల్ ఎలా అంటుకుందో ముందు చెప్పాలి. మాకు ఆవులుండేవి. డైరీకి పాలు వేసే ఇల్లు కాబట్టి అవ్వ కోళ్ళకంటే ముందే లేచేది. లేచి దాణా కలుపుతూ ఇంట్లో చప్పుడు కోసం టీవీ పెట్టుకునేది. ఆ వేళకు టీవీలో ఉండేవి రెండే. ఒకటి నడుంనొప్పి తైలం అమ్మేవాళ్ళ గొడవ, రెండోది ఎక్కడో సముద్రాల అవతల ఆడుతున్న ఫుట్‌బాల్. తైలం కొని చూసి, అది పనిచేయక, అవ్వ ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. పేర్లు నోరు తిరగక ఆటగాళ్ళకు తనే పేర్లు పెట్టుకుంది. పొట్టోడు, పిలకాయన, ఊరికే పడేవాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా చిన్నాయనకు ఈనాటికీ తెలియదు గానీ, అవ్వ మాత్రం ఒకసారి చూసి చెప్పేసింది: "చెంబు తీసుకోని మనం పోకముందే దూడ పొదుగు కాడికి పోయి నిల్చోనుంటాదే, అట్ల నిల్చోకూడదంట."

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అవ్వ పక్కన వచ్చి నిలబడింది. "పాపా, ఈ ఆట మన బెంగళూరులో గూడా ఆడతారంట గదా. యాడ?"

"స్టేడియంలో అవ్వా."

"మనట్లోళ్ళను లోపలికి ఇడుస్తారా?"

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. చీర కావాలని గానీ, ఏ తీర్థానికైనా పోవాలని గానీ ఎప్పుడూ ఎవరినీ అడగని మనిషి. మరుసటి నెలలో ఆమె మోకాళ్ళకు ఆపరేషన్ పెట్టుకున్నాం. ఆ తర్వాత చాలాకాలం మెట్లూ గిట్లూ ఎక్కకూడదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆపరేషన్ లోపు బెంగళూరులో మిగిలింది ఒక్క మ్యాచే, అదీ ఆదివారం సాయంత్రం. చూస్తే అది చూడాలి, లేకపోతే లేదు. "కంటితో ఒకతూరి చూడల్లనుండాది" అంది అవ్వ, ఏదో తప్పు మాట్లాడినట్టు చిన్న గొంతుతో. "దానికేముందవ్వా, ఫోన్లోనే తీసేద్దాం. నీ పక్కనే కూర్చోని అంతా నేను వివరంగా చెప్తా" అన్నాను. (ఏం వివరంగా చెప్పేదాన్నో భగవంతుడికే తెలియాలి.)

ఇద్దరికి తీద్దామనుకున్న టికెట్లు తెల్లారేసరికి ఐదయ్యాయి. నాయన వస్తానన్నాడు. బాగేపల్లిలో విత్తనాల అంగడి పెట్టుకున్న చిన్నాయన "మా అమ్మను మీరే తీసుకపోతారా, నేను సచ్చినానా" అన్నాడు. చింతామణిలో టమాటా మండీ ఉన్న మామ, అంటే మా అత్త మొగుడు, కారు తనదే కాబట్టి అడగకుండానే లెక్కలోకి వచ్చేశాడు. అందరిదీ ఒకటే షరతు. ఐదుగురూ ఒకే వరుసలో, అవ్వ మధ్యలో కూర్చోవాలి. మోకాళ్ళ కోసం మెట్లు తక్కువుండే చోట, పైన నీడ ఉండే చోట. స్టేడియం బొమ్మ ఫోన్లో చూసి ఏ గ్యాలరీ, ఏ వరుస, ఏ ఐదు సీట్లన్నది కూడా ముందే అనుకున్నాం. పెళ్ళిచూపులకు కూడా మా ఇంట్లో అంత చర్చ జరగలేదు.

అప్పుడు మామ ఒక ఉపాయం చెప్పాడు. బస్టాండుల్లో పెరిగిన మనుషులం మేము. బస్సు వచ్చి ఆగకముందే కిటికీలోంచి సీటు మీద టవలు విసరడం, ఆ సీటు మనదైపోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. "చూడు పాపా, ఒకడు టవలేస్తే ఒక సీటు. ముగ్గురు మూడు కిటికీల్లోంచి ఏస్తే వరసంతా మనదే. ఇదీ అంతే. నేను చింతామణి నుంచి, మీ చిన్నాయన బాగేపల్లి నుంచి, నువ్వు మండికల్ నుంచి. ఎవురికి తగులుకుంటే వాళ్ళే దుడ్డు కట్టేసేది. ఐదూ పడేదాకా మాత్రం ఎవురూ కట్టొద్దు" అన్నాడు. కంప్యూటర్ పాపనైన నాకు అందులో తప్పేమీ కనబడలేదు. పైగా ఎంత తెలివైన మామ అనుకున్నాను.

టికెట్లు తెరిచే రోజు పొద్దున నేను మిద్దె ఎక్కాను. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది అక్కడ, నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. వద్దన్నా వినకుండా అవ్వ మెట్లెక్కి వచ్చి, చేటలో అనపకాయలు వొలుచుకుంటూ కూర్చుంది. నాయన కింద ఆవుల దగ్గర ఉన్నాడు. అప్పట్లో ఫోన్లో మాట్లాడితే నెట్టు తెగిపోయేది కాబట్టి ముగ్గురం ఒకరికొకరు ఫోన్ చేసుకోకూడదని ఒప్పందం. ఏదైనా చెప్పాలంటే వాళ్ళు పక్కన ఇంకో ఫోను నుంచి నాయన బటన్ల ఫోనుకు చేయాలి, ఆయన కింద నుంచి నాకు కేకేసి చెప్పాలి.

సైటు తెరవగానే, మీరు క్యూలో ఉన్నారు, దయచేసి ఓపిక పట్టండి అంది. ఒక బంతి తెర మీద గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. నేను ఓపిక పట్టాను. బంతి తిరిగింది. "అయిందా పాపా?" అంది అవ్వ. "అవుతాంది అవ్వా." కడకు సీట్ల పటం వచ్చింది. ఖాళీ సీట్లు పచ్చగా, ఎవరైనా పట్టుకుని ఇంకా డబ్బు కట్టనివి బూడిద రంగులో, అమ్ముడుపోయినవి ఎర్రగా ఉంటాయట. మేం అనుకున్న ఐదూ పచ్చగా ఉన్నాయి. నేను చివరి నుంచి నొక్కుకుంటూ వచ్చాను. రెండు తగిలాయి. మూడోది నొక్కేలోపల మిగిలిన మూడూ బూడిద రంగుకు తిరిగిపోయాయి. పట్టుకున్నవాడు కొన్ని నిమిషాల్లో డబ్బు కట్టకపోతే సీటు తిరిగి పచ్చబడుతుంది కాబట్టి, ఆ దుర్మార్గుడు ఎప్పుడు వదులుతాడా అని నా రెండు సీట్లను పట్టుకుని కాచుకున్నాను. వాడు వదల్లేదు. నా గడువు అయిపోయి నా రెండూ జారిపోయాయి. మళ్ళీ పట్టుకున్నాను. వాడూ మళ్ళీ పట్టుకున్నాడు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను గానీ, నా జీవితంలో ఒక తెలియని మనిషిని అంతగా తిట్టుకున్నది ఇంకెప్పుడూ లేదు. పక్క గ్యాలరీల్లో పచ్చ సీట్లు కళ్ళముందే ఎర్రబడిపోతున్నాయి.

కింద నాయన ఫోను మోగింది. "పాపా, మీ మామ చెప్తాండాడు. మొదటి రెండూ ఆయప్పకు తగుల్తాండాయంట. మిగతా మూడూ ఎవుడో పట్టుకోని ఇడవకుండా ఉండాడంట."

"నాకూ అంతే నాయనా. చివరి రెండే చిక్కుతాండాయి" అని పైనుంచి అరిచాను. అరుస్తుండగానే ఏదో అనుమానం మొదలైంది. అంతలో ఫోను మళ్ళీ మోగింది. "ఇప్పుడు మీ చిన్నాయన. వానికి నట్టనడిమి సీటు ఒకటే పడిందంట. ఆ పక్క ఈ పక్క ఇద్దరు దొంగనాయాళ్ళు కూర్చోనుండారంట."

ఆ పక్క దొంగ మామ. ఈ పక్క దొంగను నేను. ముగ్గురం ఒకే బస్సుకు, ఒకే సీట్ల మీదికి, మూడు కిటికీల్లోంచి టవళ్ళు విసురుకుని, ఒకరి టవలు చూసి ఒకరం పళ్ళు కొరుక్కుంటున్నాం. అవ్వకు చెబితే చేట పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

సరే, తెలిసిపోయింది కదా, ఇక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ మాది మర్యాదస్తుల వంశం. (మా ఇంట్లో పండగనాడు చివరి ఒబ్బట్టు, అదే బొబ్బట్టు, 'నువ్వు తిను, నువ్వు తిను' అనుకుంటుండగానే ఎండిపోతుంది.) నాయన రెండు వైపులా ఫోన్ చేసి విషయం చెప్పాడు. "మామ పెద్దాయన గదా, ఆయన్నే తీసుకోమను, నేనిడిచేస్తాండా" అన్నాడట చిన్నాయన. "పాప ఆశపడి మొదలుపెట్టింది, పాపనే తీసుకోనీ, నేనిడిచేస్తా" అన్నాడట మామ. ఈ మాటలు నాయన నోటి నుంచి మిద్దె మీదికి వచ్చేలోపల, మామ ముందు నేనెంతదాన్ని అని నేనూ వదిలేశాను. ఐదు సీట్లూ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో. మామ తీసుకుంటాడని నేను చూస్తున్నాను. నేను తీసుకుంటానని మామ చూస్తున్నాడు. మేమిద్దరం చూస్తుండగానే ఐదూ కలిసి బూడిదయ్యాయి, కాసేపటికి ఎర్రబడ్డాయి. ఆ వరుసలో కూర్చున్న ఐదుగురు ఎవరో నాకు ఈనాటికీ తెలియదు, కానీ మర్యాద లేని మనుషులని మాత్రం చెప్పగలను.

మిగిలిన వాటిలో వెతగ్గా వెతగ్గా నాలుగు కలిసి ఒక గ్యాలరీలో, ఒక్కటి మాత్రం మైదానం అవతల గోలుపోస్టు వెనక దొరికాయి. ఇక ఎవరినీ అడగకుండా ఐదూ పట్టేశాను. బ్యాంకు వాడి ఓటీపీ నాయన ఫోనుకు పోయింది. ఆయన కొట్టం ముందు నిలబడి ఒక్కొక్క అంకెనూ, మా డైరీలో లీటర్లు పలికినట్టే కన్నడంలో, అంత గట్టిగానూ పలికాడు. రహస్యంగా ఉంచవలసిన ఆ అంకెలను వీధంతా విన్నది. నేనొక అంకె మరిచిపోతే ఎదురింటి అక్క గుర్తు చేసింది కూడా. టికెట్లు పడ్డాయి. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పక్కనే కూర్చోబెట్టుకుని చూపిస్తానని అవ్వకు మాటిచ్చింది నేను. ఇప్పుడు ఐదుగురిలో ఒకరు ఒంటరిగా ఎక్కడో కూర్చోవాలి.

ఆ ఒంటరి సీటు కోసం మ్యాచ్ దాకా ఇంట్లో అదే మర్యాద సాగింది. నేను పోతానంటే నేను పోతానని అందరూ త్యాగానికి సిద్ధపడ్డారు. స్టేడియం ముందు నిలబడి కూడా తేలలేదు. మేం వాదించుకుంటుండగా అవ్వ నాయన చేతిలోంచి ఆ ఒక్క టికెట్టు కాగితం లాక్కుంది. "గోలు కాడుండేది ఇదే గదా? ఇది నాది" అంది. నాయన వద్దని చెయ్యి పట్టుకున్నాడు. "రే, నేనేమన్నా దూడనా, తప్పిపోయేదానికి" అని విదిలించుకుంది. గేటు దగ్గరి సెక్యూరిటీ కుర్రాడు "బన్ని అజ్జీ, నాను కూరిస్తీని" (రండవ్వా, నేను కూర్చోబెడతాను) అని చెయ్యిచ్చి లోపలికి తీసుకుపోయాడు. కూర్చోబెడతాననేది నా మాట, అది కూడా వాడే అనేశాడు.

మేం నలుగురం మంచి సీట్లలో కూర్చుని ఆట చూడలేదు. మైదానం అవతల జనంలో అవ్వ ఆకుపచ్చ చీర ఎక్కడుందా అని చూశాం. నా ఫోను కెమెరా పెద్దది చేసి ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూశాం. "నీళ్ళు తాగిందో లేదో" అన్నాడు నాయన. "నిల్చోనుండాదప్పా, మోకాళ్ళెట్లుండాయో" అన్నాడు చిన్నాయన. అవ్వ చుట్టూ డప్పులు కొట్టే పిల్లలున్నారు. ఆమె చెయ్యెత్తి ఏదో చెబుతోంది, వాళ్ళు తలలు వంచి వింటున్నారు. అంతలో స్టేడియమంతా లేచి అరిచింది. గోలు పడింది. మా నలుగురిలో ఒక్కరం కూడా చూడలేదు.

బయటికి వచ్చినప్పుడు అవ్వ చెంప మీద ఎవరో రంగు పూసి ఉన్నారు. మెడలో ఎవరిదో మఫ్లర్ ఉంది. ఇద్దరు ఆడపిల్లలు ఆమెను కారు దాకా దిగబెట్టి, అవ్వా అవ్వా అంటూ ఫోటోలు తీసుకుని పోయారు. కారులో నేను, "ఒక్కదానివే కష్టమైందా అవ్వా?" అని అడిగాను. అయిందంటుందనే ఆశతోనే అడిగాను.

"ఏం కష్టం. మీరు పక్కనుంటే నీళ్ళు తాగుతావా, కాళ్ళు నొస్తాండాయా అని అడుగుతానే ఉంటారు. ఆ పిల్లోళ్ళు నన్ను ఆట గురించి అడిగినారు పాపా" అంది. మెడలో మఫ్లర్ సర్దుకుని, "మళ్ళొకతూరి తీస్తే నాకు వేరే తావే తీయి" అంది.

నేను ఇల్లు చేరేదాకా మొహం ముడుచుకునే ఉన్నాను. అంత కష్టపడి తీసినదాన్ని నేను, ఆ పిల్లలెవరు? ఇరవై దాటిన పిల్లకు అంతకంటే పెద్ద ఆలోచన ఎక్కడ వస్తుంది. మోకాళ్ళు బాగయ్యాక కూడా ఎందుకో ఆ మళ్ళొకతూరి రాలేదు. అవ్వ ఇప్పుడు లేదు. తలుచుకుంటే బాధ పోలేదు గానీ, ఆమె రంగు చెంప గుర్తొస్తే నవ్వు ముందుగా వస్తుంది.

ఈమధ్య మా ఇంటాయన, ఆయన అమ్మానాన్నలు, పిల్లవాడు, నేను మ్యాచ్‌కు పోయాం. సైటు ఇప్పుడు బుద్ధిగా నడుస్తోంది, క్యూ కూడా లేదు. ఒకే వరుసలో ఐదు సీట్లు పచ్చగా కనబడ్డాయి. నేను చాలాసేపు వాటినే చూశాను. నాలుగు అక్కడ తీశాను, ఒక్కటి గోలుపోస్టు వెనక తీశాను. "కలిసి దొరకలేదు, ఏం చేద్దాం, నేనే సర్దుకుంటాలే" అని ఇంట్లో దిగులుగా చెప్పాను. అందరూ పాపం అన్నారు.