మూడో గదిలో రేడియో బోర్డు

నిప్పును మొదట రాజేసినవాడి పేరు చరిత్ర రాసుకోలేదు. అలాంటి నష్టం మళ్ళీ జరగకూడదు కనుక ఒక సంగతి ఇక్కడ నమోదు చేయక తప్పదు: శీతల గిడ్డంగి ఎలక్ట్రీషియన్ ఏ వస్తువునైనా ముందు చేతి వెనక వైపుతో తాకుతాడు. కరెంటు కొడితే వేళ్ళు ముడుచుకుని తీగను పట్టేసుకోకుండా నేర్చుకున్న జాగ్రత్త అది. కాలక్రమాన సామ్రాజ్యంలా విస్తరించింది. టీ గ్లాసు, ఇంటి గడియ, జ్వరమొచ్చిన కూతురి నుదురు, అన్నీ ఆ ఏలుబడిలోకే వచ్చాయి. అతన్ని అందరూ ఫ్యూజు అంటారు. కాలిపోయేదాకా నోరెత్తని జాతి.

వైర్‌లెస్ కిట్టు వచ్చిన రోజున ఆ డబ్బాను కూడా ఫ్యూజు అలాగే పలకరించాడు. లోపల రెండు బోర్డులు, రెండు యాంటెన్నాలు, రెండు బ్యాటరీ పెట్టెలు. ఒక బోర్డు చలిగదిలో కూచుని అక్కడెంత చల్లగా ఉందో చెబుతుంది, రెండోది ఆఫీసులో కూచుని వింటుంది. ఇంతకాలం ఆ చెప్పే పని చేస్తున్నది ఫ్యూజు అక్క మొగుడు. గంటకోసారి గదిలోకి వెళ్ళి థర్మామీటరు చూసి, ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి అంకె చెప్పడమే ఆయన ఉద్యోగం.

"శుక్రవారానికి బిగించెయ్," అన్నాడు మేనేజరు. "అది మాట్లాడిందా, మీ బావ హాయిగా ఇంట్లో కూచోవచ్చు. పాపం, మోకాళ్ళ నొప్పులు కూడానూ."

సంగతి విని అక్క గరిటె పక్కన పెట్టింది. "మా కొంప ముంచే డబ్బాని నీ చేత్తోనే బిగిస్తావట్రా?"

"ఉండవే," అన్నాడు బావ, చెప్పులు వెతుక్కుంటూ. "వాడు కాకపోతే ఇంకోడు. వీడైతే కనీసం సరిగ్గా బిగిస్తాడు."

ఫ్యూజుకు ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు కూచుని, ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు బల్ల మీద యాంటెన్నాలు బిగించి, బ్యాటరీలు వేశాడు. రెండు బోర్డుల మీదా ఎర్రదీపాలు వెలిగాయి గాని, వినే బోర్డు మీద, మాట అందితే వెలగాల్సిన పచ్చదీపం వెలగలేదు. చూస్తే చానెల్ మీటలు చెరొక అంకె మీద ఉన్నాయి. ఎడమొహం పెడమొహం సంసారం. "ఇది పలకట్లేదు సార్" అని డబ్బా మూసేస్తే అడిగే నాథుడు లేడు, అక్క ఇంట్లో పొయ్యి ఆరదు. అంతా తెలుసు. తెలిసి ఉండగానే చెయ్యి స్క్రూడ్రైవరు కొసతో మీటను పక్కకు జరిపేసింది. తప్పు కనబడితే సరిచేయడం అలవాటైన చెయ్యి, మనిషిని అడగలేదు. పచ్చదీపం మిణుకుమంది.

శుక్రవారం మూడో గదిలో పరీక్ష. గోడలకు ఇనుప రేకు, తలుపు జానెడు మందం. ఫ్యూజు లోపలి అరలో బోర్డు పెడుతుంటే, బావ తెరిచిన తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల మనిషి ఉండగా తలుపు మూయకూడదన్నది అక్కడి నియమం.

"నువ్వెళ్ళు బావా. ఇది నీ పని కాదుగా."

"నువ్వు గడ్డకట్టుకు చస్తే మీ అక్కకి నేనేం చెప్పుకోనురా?"

ఆఫీసులో అంకె పడింది. మేనేజరు చప్పట్లు కొట్టి, పరీక్ష అయిందన్నాడు. సాయంత్రం బావ చలికోటు మడిచి అప్పగించి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల సెలవు తర్వాత, సోమవారం మూసిన తలుపుతోనే పని మొదలైంది. ఆఫీసు బోర్డు మూగబోయింది. ఫ్యూజు బ్యాటరీలు మార్చాడు, మీటలు చూశాడు. చివరికి తలుపు తెరిచాడు, అంకె వచ్చింది. మూశాడు, పోయింది. ఇనుప రేకు దాటి రేడియో మాట బయటికి రావడం లేదు. శుక్రవారం దానికి దారి ఇచ్చింది బావ వీపు.

"గోడకి చిన్న చిల్లు పెట్టి యాంటెన్నా బయటికి లాగుదాం సార్."

"చిల్లా! గది కట్టినవాళ్ళిచ్చిన గ్యారంటీ గంగలో కలుస్తుంది." మేనేజరు చాలాసేపు ఆలోచించాడు. "గంటకోసారి తలుపు తెరిచే మనిషి ఉంటే చాలు కదా?"

"చాలు సార్."

మంగళవారం బావ మళ్ళీ చలికోటు తొడుక్కున్నాడు. "ఏరా బావమరిదీ, మాట్లాడే ఉద్యోగం పోయి తలుపు తీసే ఉద్యోగం వచ్చింది. జీతం అదే. దీన్ని ప్రమోషన్ అనొచ్చా?"

"ఏమో బావా."

"మీ అక్క మాత్రం అలాగే చెప్పుకుంటోంది."

ఇప్పుడు గంట కాగానే బావ తలుపు తెరుస్తాడు. ఆఫీసులో పచ్చదీపం వెలుగుతుంది. విజ్ఞానం సాధించిన విజయాన్ని మేనేజరు స్వహస్తాలతో రాసుకుంటాడు. తలుపు తెరిచినప్పుడల్లా గది రెండు డిగ్రీలు వేడెక్కుతుంది.