అమావాస్య చుట్టాలు

అమావాస్య అంటే సిద్దిపేటలో సాలెవాళ్ల మగ్గాలకు సెలవు. ఆ రోజు కొందరు కల్లు తాగుతారు, కొందరు కాళ్లు చాపుకుని పడుకుంటారు, కొందరు తీరికగా పెళ్లాలతో పోట్లాడతారు. లింగమూర్తి, బుచ్చవ్వ మాత్రం కూతురు బాలలక్ష్మిని ముందు నడిపించుకుంటూ, సద్దిమూట, నీళ్ల బిందె పట్టుకుని పాత సమాధులు చూడ్డానికి బయల్దేరేవారు. ఊరంతా అమావాస్యనాడు పిల్లి ఎదురొచ్చినా గుండె పట్టుకుంటుంటే, వీళ్లు బొందలగడ్డకు జాతరకు పోయినట్టు పోయేవారు. ఇదేం సరదా అంటే ఏం చెబుతాం!

ఈ పిచ్చి మొదట లింగమూర్తిది. కొత్తగా కాపురానికి వచ్చిన భార్యను మొదటి అమావాస్యకే కోమటిచెరువు అవతలి బొందలగడ్డకు తీసుకుపోయి, “గీ రాయి జూడు, ఎంత నున్నగ చెక్కిండో!” అని మురిసిపోయాడు మహానుభావుడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వణికింది. ఏడాది తిరిగేసరికి ఆయన్ను వెనక్కి నెట్టి తనే ముందు నడిచింది. పైన కలాలపెట్టెలా ఉబ్బెత్తు రాయి ఉంటే ముసల్మానుల మగమనిషి, పలకలా చదునుగా ఉంటే ఆడమనిషి, నంది ఉంటే జంగమయ్య, బండలు గుండ్రంగా పాతి ఉంటే ఏ కాలంవాళ్లో దేవుడికే ఎరుక అని గుర్తులన్నీ నేర్చుకుంది. కొమురవెల్లి జాతరకు బండి కట్టుకుని పోయినా, మల్లన్నకు గబగబా దండం పెట్టి, గుట్ట వెనక సమాధులేమైనా ఉన్నాయా అని వెతికేది.

బుచ్చవ్వకు తల్లిగారి వైపు ఒక్క ప్రాణి లేదు. చిన్నప్పుడే గత్తర జబ్బు వచ్చి ఇంటిల్లిపాదినీ తీసుకుపోతే ఎవరో పెంచారు. అందుకే దిక్కులేని ప్రతి సమాధికీ ఆమె వరస కలిపేది. నంది ఉన్నాయన తాత. పలకరాయి ఆమె చిన్నమ్మ. గుండ్రటి బండల కిందివాళ్లంతా మేనమామలు. అందరికీ చెంబెడు నీళ్లు పోసి, మంచీచెడ్డా అడిగి, ఆ తర్వాతే సద్ది విప్పేది. “మామా, నిరుటికంటె జర వంగినవే” అని ఒరిగిన బండను ఆమె పలకరిస్తుంటే లింగమూర్తి కడుపు పట్టుకుని నవ్వేవాడు.

అవి నిజాం కాలంలో రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పండినా పండకున్నా సర్కారుకు లెవీ గింజలు కొలవాల్సిందే. ఒకసారి కొలిచినా మళ్లీ కొలవమని ఇంటి మీదికి వచ్చేవారు. ఆ ఏడు ఉగాది ముందటి అమావాస్యకు బుచ్చవ్వ చుట్టాలందరికీ నీళ్లు పోసుకుంటూ పోతుంటే, బొందలగడ్డ ఓరకు ఒక కొత్త పాత సమాధి కనిపించింది. రాళ్లకు నాచు ఉంది, మీద పగిలిన దీపం ఉంది, కానీ పోయిన నెల అది అక్కడ లేదు. ఇంకొకరైతే అనుమానపడేవాళ్లే. బుచ్చవ్వ ఎగిరి గంతేసింది.

“ఓ బాలీ, మేనత్త దొరికిందే! నాకు మేనత్తనే లేకుండె గదనే!”

చెంబు ముంచి పోయబోయిందో లేదో, పక్కనున్న కోసిన చేనులోంచి ఒక ముసలామె కొంగు జారుతున్నా చూసుకోకుండా ఉరికొచ్చింది.

“నీ కాళ్లు మొక్కుత బిడ్డా, నీళ్లు పొయ్యకు!”

“గట్లెందుకవ్వా? సచ్చినోళ్లకు దూప కాదా?”

“అండ్ల సచ్చినోళ్లు ఎవ్వలు లేరే! నా జొన్నలున్నయి!”

ఆమె పేరు కనకవ్వ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. లెవీ కొలవగా మిగిలిన జొన్నలను గుంత తవ్వి, గడ్డి పరిచి అందులో పోసి, పైన సమాధి కట్టింది. అవి పోతే మళ్లీ పంట చేతికొచ్చేదాకా ఆమెకు పస్తే. వాటి మీద నీళ్లు దిగితే మొలకలొచ్చి మురిగిపోతాయి. కనకవ్వ ఏడుస్తోంది. బుచ్చవ్వకు నవ్వు ఆగడం లేదు, నవ్వుతున్నందుకు సిగ్గూ ఆగడం లేదు.

అంతలో చెరువు గట్టు మీద, లెవీ వసూలు చేసే గిర్దావరు గుర్రం కనిపించింది. పక్కన తలారి సాంబయ్య, అతని చేతిలో దాచిన గింజల కోసం నేలలో పొడిచి చూసే పొడుగాటి ఇనుప సీకు. కనకవ్వ ఏడుపు మింగి బుచ్చవ్వ వెనక్కి జరిగింది.

గిర్దావరు దగ్గరికొచ్చి సీకు అందుకున్నాడు. “గిది ఎవరిది? మట్టి తాజాగున్నది.”

బుచ్చవ్వ దబ్బున సమాధి మీద పడింది. “మా మేనత్తయ్యా! నన్ను సాదిన మేనత్త! కుక్కలు తోడుతె మళ్ల మన్నేసినం!” అని శోకం అందుకుంది.

“మరి గా నంది?”

“మా ముత్తాత,” అంది బాలలక్ష్మి తడుముకోకుండా.

“గా పలకరాయి ముసల్మానులది గద!”

“మా చిన్నత్తనే అయ్యా,” అన్నాడు లింగమూర్తి. “జర కోపమెక్కువ.”

“గా బండలు?”

“మామలు. ఎంతమందో మాకే ఎరుకలేదు,” అంది బుచ్చవ్వ శోకం ఆపి.

సాంబయ్య గొంతు తగ్గించాడు. “గీళ్లకు తలకాయ సక్కగుండదయ్యా. అమాసొస్తె గీడనే సద్ది తింటరు. ఊరంత ఎరుకే.”

గిర్దావరు గుర్రం తిప్పబోయి ఆగాడు. మిగతా సమాధులన్నీ తడితడిగా ఉన్నాయి. ఇదొక్కటే పొడిగా ఉంది.

“అందరికి నీళ్లు పోసినవు. సాదిన మేనత్తకు పొయ్యవా? పొయ్యి, చూస్త.”

కనకవ్వ కళ్లు మూసుకుంది. బుచ్చవ్వకు నోరు ఎండిపోయింది. కానీ ఆ ఎండిన నోట్లోంచే ఎక్కడలేని మాట ఊడిపడింది.

“నీళ్లా! మా అత్త బాయిల వడి సచ్చిందయ్యా! నీళ్లు తాకితె లేశి కూసుంటది! ఒక్కసారి పోస్తె, పోసినోని ఇంటిదాంక వెంబడి వడ్డది!” అని చెంబు ఆయన చేతికి చాచింది. “మీకు భయం లేకుంటె మీరే పొయ్యున్రి.”

గిర్దావరు చదువుకున్నవాడే, సర్కారు మనిషే. కానీ ఆ రోజు అమావాస్య. ఆయన చెంబును చూశాడు, సమాధిని చూశాడు, చెరువు కింద పనేదో గుర్తు చేసుకున్నాడు. సాంబయ్య అప్పటికే గట్టెక్కేశాడు.

వాళ్లు కనుమరుగయ్యాక నలుగురూ నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. కనకవ్వ కళ్లు తుడుచుకుంటూ ముక్కు చీదుకుంటూ నవ్వింది. లింగమూర్తి సద్దిమూట విప్పి ఆమె చేతిలో కూడా ఒక రొట్టె పెట్టాడు.

వానలు పడకముందే కనకవ్వ జొన్నలు ఇంటికి చేర్చుకుంది. ఆ తర్వాతి అమావాస్యకు బుచ్చవ్వ అక్కడికి వెళ్లేసరికి గుంత పూడ్చి చదును చేసి ఉంది. అవి జొన్నలేనని తెలిసి కూడా ఆమెకు దుఃఖం ఆగలేదు. ఆ పూట లింగమూర్తి ఎన్ని వేషాలు వేసినా నవ్వలేదు.

పెత్రమాస వచ్చింది. పెద్దలను తలుచుకునే రోజు, బతుకమ్మ మొదలయ్యే రోజు. వాడలో ఆడబిడ్డలను తల్లిగారింటివాళ్లు వచ్చి తోలుకుపోతున్నారు. బుచ్చవ్వ ఎప్పటిలాగే వాళ్ల వైపు చూడకుండా బిందె నింపుతోంది. గడప ముందు ఎవరో దగ్గారు. చంకలో తంగేడు పూల కట్ట, చేతిలో కొత్త రైకగుడ్డతో కనకవ్వ నిలబడి ఉంది.

“ఏమే, మేనత్త బతికుండంగ పండుగకు తల్లిగారింటికి రావానే? నడువు. నా ఇంట్ల బతుకమ్మ పేర్శెటోళ్లు లేరు.”

బుచ్చవ్వ బిందె అక్కడే దించేసి, కట్టిన చీరతోనే గడప దాటింది.

“ఓయ్, మరి గా చుట్టాలు?” అని లింగమూర్తి వెనక నుంచి అరిచాడు.

“గాళ్లు యాడికి వోతరు, ఉండనియ్యి!” అంది బుచ్చవ్వ, కనకవ్వ చెయ్యి పట్టుకుని ముందుకు ఉరుకుతూ.