మాట పడిపోయిన కంప్యూటర్

నాన్నకి గొంతు క్యాన్సర్ వచ్చిందని తెలిసేసరికి అమ్మకి చూపు పూర్తిగా పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు. ఇక మీదట ఊపిరి అందులోంచే. ముక్కుకీ నోటికీ ఊపిరితో పని లేదు. బళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివిన మనిషి ఇంటికి వచ్చి, అమ్మ మంచం పక్కన నిలబడి, పెదాలు కదిపాడు. అమ్మ తల ఎత్తి, "వచ్చారా? ఎక్కడున్నారు?" అంది. ఆయన అక్కడే ఉన్నాడు. చెప్పడానికి ఆయన దగ్గర గొంతు లేదు, వినడం తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు.

అప్పట్లో మేం రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. ఇంటాయనకి ఇనుప సామాన్ల దుకాణం. నేను బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరితే చీకటి పడ్డాకే రావడం. ఆ మధ్యంతా ఇంట్లో వాళ్ళిద్దరే.

మొదట అరచేతిలో అక్షరాలు రాసి చూశాడు నాన్న. చక్కెర జబ్బు అమ్మ కళ్ళతో ఆగలేదు, చేతుల్లో స్పర్శ కూడా తీసుకుపోయింది. "ఏదో పాకుతున్నట్టుంది గానీ ఏ అక్షరమో తెలీట్లేదండీ" అనేది. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఉందన్నారు. క్యాన్సర్‌కి రేడియేషన్ కరెంటు పెట్టి కాల్చిన మెడ చర్మం చెక్కలా అయిపోయింది, అది పనిచేయలేదు. మంచం కోడు మీద వేలితో ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. కొన్నాళ్ళు కాపురమంతా ఆ రెండు మాటల్లోనే నడిచింది.

అప్పుడు మా ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. నేను కోర్సు నేర్చుకునేటప్పుడు కొన్నది. దానికి ఇంగ్లీషులో టైపు చేసింది పైకి చదివే సదుపాయం ఉందని ఆఫీసులో ఎవరో చెబితే, ఒక ఆదివారం కూర్చుని చూశాను. మగ గొంతు. తడి లేని గొంతు. నాన్న నా పక్కన కూర్చుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. "అన్నం తిన్నావా" అని ఆయన కొడితే అది "యానమ్ టినావా" అంది.

పక్క గదిలోంచి అమ్మ, "ఎవరొచ్చారు?" అంది.

"నాన్నే మాట్లాడుతున్నాడమ్మా."

అమ్మ గోడ పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, "మా చిన్నప్పుడు చర్చిలో తెల్ల మిషను దొరగారు ఇట్లాగే ప్రసంగం చేసేవాడు" అని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఆ గొంతు పేరు దొరగారు.

ఏ స్పెల్లింగు రాస్తే ఏ శబ్దం వస్తుందో నాన్న పట్టుకున్నాడు. తెలుగులో ఒత్తు తప్పితే ఊరుకోని మనిషి దొరగారి కోసం తన భాషని తానే వంకర్లు తిప్పుకున్నాడు. "ళ" ఎప్పటికీ పలకలేదు. పలకని మాటల్ని వదిలేసి వేరే మాటలు వెతుక్కునేవాడు. నేను సాయంత్రం మెట్లెక్కుతుంటే పైనుంచి ఆ ఎండు గొంతు, మధ్యలో అమ్మ జవాబులు వినిపించేవి. పప్పులో ఉప్పు గురించి దెబ్బలాడుకునేవాళ్ళు. నాకు ప్రాణం లేచివచ్చేది.

మే నెలలో అది చెడిపోవడం మొదలైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న ఏదో చెబుతున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. దొరగారి గొంతు ఒక అక్షరం మీద పడి ఆగిపోయింది. "నా నా నా నా నా" అని, ఊపిరి తీసుకోకుండా, అదే గట్టిగా. అమ్మ కేకేసింది. "ఏమండీ! ఏమైందండీ! ఏమైంది మీకు?" నేను పరుగెత్తేసరికి చేతులు చాచి గాలిలో ఆయన కోసం వెతుకుతోంది. నాన్న బిత్తరపోయి కీబోర్డు మీద అన్ని మీటలూ కొడుతున్నాడు. తెర మీద బొమ్మ కదలదు, మౌసు బాణం కదలదు. మెయిన్ ప్లగ్గు పీకేస్తే గానీ ఆ గొంతు ఆగలేదు.

"మీకేం కాలేదు కదా?" అని అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగింది. నాన్న మంచం కోడు మీద తట్టాడు. ఒకసారి. ఆమెకి నమ్మకం కలగలేదు. ఆయన ముఖమంతా తడిమి చూసింది, తెలిసీ తెలియని వేళ్ళతో.

మళ్ళీ ఆన్ చేస్తే వచ్చింది. సాయంత్రానికి మళ్ళీ బిగుసుకుపోయింది. తర్వాత రోజుల్లో రోజూ అంతే, ఎండ ముదిరే కొద్దీ తొందరగా. వేడికి అయ్యుంటుందనుకుని పక్క రేకు విప్పాను. లోపల ఫ్యాను రెక్కలకి దూది పట్టినట్టు దుమ్ము. పెయింటు బ్రష్షుతో దులిపి, రేకు మూయకుండా ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. ఎండాకాలంలో ఇంటికున్న ఒక్క టేబుల్ ఫ్యాను దొరగారికి పోయింది. రెండు రోజులు బాగానే పనిచేసింది.

కింద ఇంటాయన పైకి వచ్చి చూశాడు. "వోల్టేజీ పరేషానీ గావొచ్చు బిడ్డా. ఈ గల్లీల కరెంటు గిట్లనే ఉంటది. నా దుకాణంల స్టెబిలైజర్ ఉంది, జెర పెట్టి సూడు" అని తనే మోసుకొచ్చి బిగించాడు. దానివల్లా ఏమీ కాలేదు.

ఒక పొద్దున అసలు లేవనే లేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, మానిటర్ దీపం పసుపుగానే ఉండిపోయింది, తెర నల్లగా ఉంది. ఆగి ఆగి పొడుగ్గా కూత. ఆఫీసులో అడిగితే మెమరీ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టమన్నారు. రుద్ది పెట్టాను. లేచింది. ఆ పూట నాన్న భోజనం కూడా మానేసి, ఆగకుండా ఏదేదో చెప్పాడు అమ్మకి. మర్నాటికి కూత కూడా లేదు. మీట నొక్కితే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయేది.

ఆటోలో వేసుకుని పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేసే చోటికి తీసుకెళ్ళాను. దుకాణంలో అతను బోర్డు బయటికి లాగి చూపించాడు. దాని మీద చిన్న చిన్న పీపాల్లాంటివి వరసగా ఉన్నాయి. కొన్ని నెత్తిన ఉబ్బాయి, ఒకటి పగిలి జిగురు కారింది.

"బోర్డు పోయింది మేడమ్. హ్యాంగయ్యేది సుత దీని వల్లనే. ఈ మోడల్ ఇప్పుడు వస్తలేదు. పాత మాల్ యాడనన్న దొరుకుతదేమో అడుగుతా. జెర టైం పడతది."

"ఇంట్లో చాలా అవసరమండీ" అన్నాను. ఏం అవసరమో చెప్పలేదు. చెబితే అతనేం చేస్తాడు?

ఆ ఎదురుచూపుల రోజులే మా ఇంట్లో అన్నిటికంటే చెడ్డవి. అంతకు ముందు కూడా మాట లేని రోజులు గడిచాయి గానీ, ఒకసారి దొరికి పోయిన మాట వేరు. నాన్నకి కోపం ముంచుకొచ్చేది. ఫ్యాను కావాలన్నా, మజ్జిగ కావాలన్నా, ఏమీ అక్కర్లేకపోయినా చప్పట్లు కొట్టేవాడు. అమ్మ గోడ పట్టుకుని వచ్చి, "ఏం కావాలి? నీళ్ళా? కాదా? మందా? అదీ కాదా?" అని అడిగి అడిగి, ఆయన రెండుసార్లు, రెండుసార్లు తట్టీ తట్టీ, చివరికి ఇద్దరూ ఓడిపోయేవాళ్ళు. "పిలిచి మాత్రం ఏం చెబుతారండీ నాకు?" అని ఏడ్చేదట.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోనొచ్చింది. ఇంటాయన.

"బిడ్డా, జెర జల్దీ రా. నాయినను దవాఖానకు తీస్కవోయినం. పరేషాన్ గాకు, పానం ఉంది."

వడగాలికి ఆయన మెడ రంధ్రంలో కఫం ఎండి పెచ్చుకట్టి అడ్డం పడింది. ఊపిరి ఆడలేదు. బాత్రూం గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. అమ్మ తన మంచం మీద కూర్చుని ఉంది. విసిగిపోయి ఉంది. "ఊరుకోండి. మీ కోపం నా మీద కాదు, ఆ మిషను మీద చూపించుకోండి" అంది. ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. ఆమె ముసుగు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి చప్పట్లు ఆగాయి. కోపం తగ్గిందనుకుంది.

కింద ఇంటావిడ పైకప్పు మీద ఏదో పడిన చప్పుడు విని పైకొచ్చింది. నాన్న ముఖం నల్లబడి నేల మీద ఉన్నాడు. భర్తని కేకేస్తే, దుకాణం సామాన్లు మోసే ట్రాలీ ఆటోలో వేసి తీసుకెళ్ళారు. డాక్టరు ఆ పెచ్చు లాగేశాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ వార్డు బయట బల్ల మీద ఉంది. ఇంటావిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. అమ్మ నా అడుగుల చప్పుడు పోల్చుకుని, "నేను విన్నానే. అన్నీ విన్నాను. కోపమనుకున్నాను" అంది.

పాత బోర్డు దొరకలేదు. పార్క్‌లేన్ అతనే వేరే కంప్యూటర్ ఒకటి కూర్చి ఇచ్చాడు. నాన్న ఇంటికొచ్చాక తెచ్చి బిగించాను. ఆయన బక్కచిక్కి ఉన్నాడు, అయినా నేను వైర్లు పెడుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ముందే అనుకుని పెట్టుకున్నట్టు, కూర్చోగానే కొట్టాడు.

"తపూ నీడి కాడు."

ఆడగొంతు.

కొత్త కంప్యూటర్లలో గొంతు మార్చేశారని నాకు తెలియదు. అమ్మ ఉలిక్కిపడింది. "ఎవరది? ఎవరొచ్చారు మనింటికి?"

"ఎవరూ రాలేదమ్మా. నాన్నే. గొంతు మారింది."

నాన్న మళ్ళీ అదే కొట్టాడు. తప్పు నీది కాదు. ఎవరో చదువుకున్న పరాయి స్త్రీ, తీరిగ్గా, జాలి లేకుండా అన్నట్టు వినిపించింది.

"ఆ మాట ఆమెతో చెప్పించకండి" అంది అమ్మ. "ఇంకేమైనా చెప్పించండి. అది వద్దు."

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. వెళ్ళి ఆమె చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. నేను కంప్యూటర్ ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాత గొంతు ఎక్కించగలరా అని తర్వాత అడిగాను. "దీంట్ల అది పనిచెయ్యది మేడమ్" అన్నాడు పార్క్‌లేన్ అతను.

ఆ ఆడగొంతుతో మందులూ కూరలూ నడిచాయి. అంతకు మించిన మాటలేవీ నాన్న దానితో చెప్పించలేదు. వానాకాలంలో జబ్బు తిరగబెట్టింది. చేతులు వాచి, టైపు చేయడం కూడా పోయింది. డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నాడు.

అప్పటినుంచి అమ్మే మాట్లాడటం మొదలుపెట్టింది. అన్నేళ్ళూ ఆయన మాట్లాడితే వినే మనిషి, పొద్దున లేచింది మొదలు ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని చెబుతూనే ఉండేది. పెళ్ళయిన కొత్తలో తెనాలి నుంచి రైల్లో రావడం, స్టేషన్‌లో ట్రంకు పెట్టె పోవడం, మొదటి జీతంతో ఆయన కొన్న గొడుగు. ఆయన కళ్ళు ఆమె ముఖం మీద ఉండేవి. అది ఆమెకి నేనే చెప్పేదాన్ని.

ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె సీతాఫల్‌మండిలో వాళ్ళు కాపురం పెట్టిన గది గురించి చెబుతోంది. "ఆ గదికి కిటికీ ఉండేది కాదు, గుర్తుందా? మీరు తలుపు తీసి చదువుకునేవాళ్ళు. వీధిలో పోయేవాళ్ళంతా మిమ్మల్నే చూసేవాళ్ళు. నాకు సిగ్గేసేది."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడ మీద కప్పిన పల్చని గుడ్డ కదలడం లేదు.

"కుళాయి దగ్గర ఆ పక్కింటావిడ నాతో గొడవ పెట్టుకుంటే మీరొచ్చి ఆవిడకే బిందె ఎత్తి పెట్టారు. నాకెంత కోపమొచ్చిందో. ఆ పూట వండలేదు. మీరు అటుకులు తెచ్చారు." అని నవ్వి, "అటుకులేనా? బఠాణీలా?" అని అడిగి, ఆయన వైపు చెవి పెట్టి ఆగింది.

వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "అమ్మా" అన్నాను.

"ఉండవే, చెప్పనీ" అంది.